సీసాలో చిన్న తోట

ఏ ఇంటి వంటగది అటక మీద చూసినా నాలుగైదు ఖాళీ సీసాలు తప్పకుండా కనిపిస్తాయి. ఊరగాయ అయిపోయిన సీసా ఒకటి, కాఫీపొడి సీసా ఒకటి, ఏ గృహప్రవేశానికో వచ్చిన గాజు డబ్బా ఒకటి. పారేద్దామంటే చేతులు రావు. పాత సామాన్లవాడికి ఇద్దామంటే గాజు అనగానే మొహం తిప్పుకుంటాడు. ఎప్పటికైనా పనికొస్తుందిలే అని మళ్ళీ అటకెక్కిస్తాం. అలాంటి సీసాను దింపి, శుభ్రం చేసి, నాలుగు గుప్పిళ్ళ మట్టి పోసి, రెండు మూడు చిన్న మొక్కలు నాటి మూత పెట్టేస్తే చక్కని బుల్లి తోట తయారవుతుంది. దీన్నే టెర్రేరియం అంటారు. షాపులో కొనాలంటే వందల్లో చెబుతారు. మనం చేసుకుంటే మొక్కల ఖర్చు మాత్రమే. పక్కింటి వదినగారిని అడిగి కొమ్మలు తెచ్చుకుంటే అదీ ఉండదు.

"మూత పెట్టేస్తే ఊపిరాడక మొక్క చచ్చిపోదూ?" అని నన్ను చాలామందే అడిగారు. చచ్చిపోదండీ. అన్నం గిన్నె మీద మూత తీసి చూడండి, లోపలివైపు నీటి బొట్లు పట్టి ఉంటాయి కదా! ఇక్కడ జరిగేదీ అదే. మొక్క వేళ్ళతో నీళ్ళు పీల్చి ఆకుల్లోంచి ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరి గాజుకు తగిలి చల్లబడి, చెమ్మగా పట్టి, చుక్కలై మళ్ళీ మట్టిలోకి జారిపోతుంది. బయట సముద్రం, మబ్బు, వాన ఎలాగో లోపల ఇది అలాగ. ఇక గాలి సంగతి. పగలు వెలుతురులో మొక్క బొగ్గుపులుసు గాలిని తీసుకుని ప్రాణవాయువును వదులుతుంది. మొక్కా, మట్టిలోని సూక్ష్మజీవులూ ఆ ప్రాణవాయువును వాడుకుని తిరిగి బొగ్గుపులుసు గాలిని వదులుతాయి. రాలిన ఆకు కుళ్ళి ఎరువవుతుంది. ఏడో తరగతి పిల్లలకు పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పేదంతా ఇందులో కళ్ళెదుటే కనిపిస్తుంది.

ఈ పద్ధతి బయటపడిన వైనం తమాషాగా ఉంటుంది. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరుగారు ఒక చిమ్మట పురుగు గూట్లోంచి ఎలా బయటికొస్తుందో చూద్దామని దాన్ని తడిమట్టిలో పెట్టి, సీసాలో ఉంచి మూత బిగించారు. పురుగు సంగతేమో గానీ, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్కా, ఒక గడ్డిమొక్కా మొలిచాయి. ఆ రోజుల్లో లండన్ అంతా బొగ్గు పొగ. ఆయన పెరట్లో ఫెర్న్‌లు ఎంత ప్రయత్నించినా బతికేవి కావు. సీసాలో మాత్రం నీళ్ళు పోయకుండానే మూడు నాలుగేళ్ళు హాయిగా ఉన్నాయి. చివరకు మూత తుప్పుపట్టి వాననీళ్ళు లోపలికి దిగాక పోయాయట. ఆయన గాజుపెట్టెలు చేయించి 1833లో మొక్కలను ఓడలో ఆస్ట్రేలియాకు పంపించారు. అన్ని నెలల సముద్రప్రయాణం తరువాత కూడా మొక్కలు బతికే ఉన్నాయి. తరువాత 1850 ప్రాంతంలో చైనా నుంచి తేయాకు మొక్కలు హిమాలయాల వైపు తోటలకు వచ్చిందీ, 1860 తరువాత జ్వరం మందు క్వినైన్ ఇచ్చే సింకోనా దక్షిణ అమెరికా నుంచి నీలగిరి కొండలకు చేరిందీ ఇలాంటి పెట్టెల్లోనే. మనం పొద్దున్నే తాగే టీ వెనకాల ఒక సీసా ఉందన్నమాట!

ఇంగ్లండులో డేవిడ్ లాటిమర్ అనే ఆయన 1960లో పెద్ద గాజు బుడ్డిలో ఒక మొక్క నాటి, 1972లో ఆఖరుసారి నీళ్ళు పోసి బిగించేశాడు. 2013లో పేపర్లవాళ్ళు వెళ్ళి ఫొటో తీసేసరికి బుడ్డి నిండా పచ్చగా ఉంది. అది మన బాల్కనీ కుండీల్లో పాకే ట్రాడెస్కాంషియా జాతి మొక్కే. మనవి నలభై ఏళ్ళు ఉండకపోయినా నాలుగేళ్ళుంటే చాలు కదా!

ఏ సీసా మంచిది?

తెల్లగా, పారదర్శకంగా ఉండాలి. రంగు గాజు వద్దు, వెలుతురు చాలదు. చెయ్యి పట్టేంత మూతి ఉంటే పని సుళువు. రెండు లీటర్ల సీసా అయితే మొదటిసారి చేసేవారికి బాగుంటుంది. పాత హార్లిక్స్ గాజు సీసాలు ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే అదృష్టమే. పిల్లలు చేపలు పెంచి మానేసిన గాజుతొట్టి ఉంటే ఇంకా మంచిది. దానిమీద గాజు పలక మూతగా పెట్టుకోవచ్చు. అంచు పగిలిన గాజు మాత్రం వాడకండి. ఫినాయిలు, పురుగుమందు పోసిన సీసాలు ఎంత కడిగినా వద్దేవద్దు. ఫ్యూజు పోయిన బల్బుల్లో మొక్కలు పెట్టడం ఈమధ్య ఒక సరదా అయింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, బల్బు అడుగు ఊడదీసేటప్పుడు వేళ్ళు తెగుతాయి. ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులైతే లోపల పాదరసం ఉంటుంది, వాటి జోలికి అసలు పోకూడదు.

ఊరగాయ సీసాతోనే తంటా. నూనె జిడ్డు, ఇంగువ వాసన ఒక పట్టాన వదలవు. వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున కుంకుడు రసంతో తోమి, మూత తీసి రెండు రోజులు ఎర్రటి ఎండలో బోర్లించకుండా పెట్టండి. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఆవకాయ గుర్తుకొచ్చిందంటే ఇంకోసారి తోమాలన్నమాట! మూత రబ్బరులో వాసన మిగిలిపోతే మూత పారేసి, ఒక పాత గాజు సాసరో, పాలిథిన్ కాగితం రబ్బరుబ్యాండుతో బిగించో వాడుకోవచ్చు.

గాజు లేనివారు అయిదు లీటర్ల మంచినీళ్ళ ప్లాస్టిక్ క్యాను మధ్యకు కోసి, అడుగు భాగంలో మొక్కలు పెట్టి, పై భాగాన్ని అంచు మీదుగా దిగేలా బోర్లించవచ్చు. ప్లాస్టిక్కు గీతలు పడి కొన్నాళ్ళకు మసకబారుతుంది. పిల్లల స్కూలు ప్రాజెక్టుకి మాత్రం అదే నయం, బస్సులో పగలదు.

లోపల పోయవలసినవి

సీసా ఎత్తులో మూడో వంతుకు మించి మట్టీ రాళ్ళూ ఉండకూడదు. పది, పదకొండు అంగుళాల సీసా అనుకుందాం. అడుగున ఒక అంగుళం మందాన చిన్న గులకరాళ్ళు వేయాలి. లేకపోతే పగిలిన పూలకుండీ పెంకుల్ని సెనగగింజంత ముక్కలుగా కొట్టి వాడండి. సీసాకు అడుగున చిల్లు ఉండదు కదా, ఎక్కువైన నీరు ఈ రాళ్ళ మధ్యకు దిగి ఉంటుంది, వేళ్ళు కుళ్ళవు.

దానిమీద అర అంగుళం కట్టెబొగ్గు. మా వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడిగితే చిల్లర బొగ్గు గుప్పెడు ఊరికే ఇచ్చాడు. బూడిద పోయేలా కడిగి, రోట్లో కచ్చాపచ్చాగా దంచుకోవాలి. మరీ పొడి చేయకూడదు. మూతపెట్టిన సీసాలో వచ్చే మురుగు వాసనను బొగ్గు పీల్చేస్తుంది. ఈ బొగ్గు మీద చిరిగిన దోమతెర ముక్కను సీసా కొలతకు గుండ్రంగా కత్తిరించి పరవండి. పైన మట్టి కిందికి జారి రాళ్ళ సందులు పూడ్చకుండా ఆపుతుంది.

ఇక మట్టి రెండంగుళాలు. రెండు పాళ్ళు తోటమట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు ఇసుక. కావాలంటే ఒక గుప్పెడు బాగా మాగిన ఆకు ఎరువు. అంతకంటే బలం వద్దు. ఎరువు ఎక్కువైతే మొక్క ఏపుగా పెరిగి నెలకే మూతకు తగులుతుంది. పేడ ఎరువు అసలు వేయకండి, బూజు పడుతుంది. కలిపిన మట్టిని పాత పేపరు మీద పలచగా పరిచి రెండు రోజులు ఎండబెడితే పురుగూ గుడ్లూ చాలావరకు పోతాయి. పోసేటప్పుడు పాత క్యాలెండరు కాగితాన్ని గరాటులా చుట్టి అందులోంచి పోస్తే గాజుకు మట్టి అంటదు.

మొక్కల విషయంలో తొందరపడకండి. తడి, నీడ ఇష్టపడేవే ఎంచుకోవాలి. చిన్న ఫెర్న్‌లు, ఫిట్టోనియా, సింగోనియం పిలక, చిన్న ఆకుల పెపరోమియా, మనీప్లాంటు కొమ్మ. నర్సరీకి వెళ్ళినప్పుడు పెద్ద కుండీల అడుగున కలుపులా మొలిచిన సన్న ఆకుల పైలియా కనిపిస్తుంది, అడిగితే చాలాచోట్ల ఊరికే పీకి ఇస్తారు. కడియం వైపు వెళ్ళినవారు ఫిట్టోనియాలు రంగురంగులవి తెచ్చుకోవచ్చు. కలబంద, రణపాల, నాగజెముడు జాతి మొక్కలు మూతపెట్టిన సీసాలో కుళ్ళిపోతాయి, వాటికి మూత లేని వెడల్పాటి గాజు గిన్నె, ఎక్కువ ఇసుక, ఎండ కావాలి. తులసమ్మనైతే పెరట్లోనో బాల్కనీలోనో ఉండనివ్వండి, ఆవిడకు ఎండ ఉండాలి.

పైన పరవడానికి నాచు. వానాకాలంలో ప్రహరీగోడ నీడవైపు పచ్చని మఖమల్‌లా పట్టి ఉంటుంది. పాత అట్లకాడ తీసుకుని అట్టు తీసినట్టే అంచు నుంచి నెమ్మదిగా లేపితే పెచ్చుగా ఊడొస్తుంది. మురుగుకాలవ పక్కది తేకండి. ఒక బకెట్టు నీళ్ళలో ముంచి తీస్తే అందులో దాక్కున్న చీమలు, నత్తపిల్లలు బయటపడతాయి.

నాటడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. పాత చెంచాను ఒక చీపురు కర్రకు కట్టండి, గుంట తీయడానికి పనికొస్తుంది. కుట్టుమిషను దారం అయిపోయిన రీలును కర్ర చివర గుచ్చితే మొక్క మొదట్లో మట్టి అదమడానికి దానికి మించింది లేదు. వేళ్ళ మట్టి సగం దులిపి, పండుటాకులు తుంచేసి, గాజుకు ఆకు ఆనకుండా మధ్యలో నాటండి. రెండు లీటర్ల సీసాకు మూడు మొక్కలు చాలు. ఖాళీగా ఉందే అనిపిస్తుంది, ఉండనివ్వండి. ప్లాస్టిక్ హంసలు, రంగురాళ్ళు, బుల్లి బుద్ధుడు వగైరా పెట్టేవాళ్ళున్నారు. ఎవరిష్టం వారిది. నన్నడిగితే నాచు మీద ఒక్క గులకరాయి ఉంటే చాలు, చూపు మొక్క మీద నిలుస్తుంది.

ఎన్ని నీళ్ళు?

సీసా తోటలు పాడయ్యేది నీళ్ళు చాలక కాదు, ఎక్కువై. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసాతో గాజు వెంట చుట్టూ చల్లండి. మొత్తం నాలుగు నుంచి ఆరు పెద్ద చెంచాలు మించనక్కర్లేదు. వాననీళ్ళు పట్టి ఉంచుకుంటే శ్రేష్ఠం. బోరునీళ్ళు వాడితే గాజు మీద తెల్లటి మరకలు కడతాయి. మూత పెట్టి మర్నాడు పొద్దున చూడండి. గాజు పైభాగంలో పలచగా చెమ్మ పట్టి, మధ్యాహ్నానికి విడిపోతే కొలత సరిపోయినట్టు. రోజంతా ధారలు కారుతుంటే మూత తీసి మూడు నాలుగు గంటలు ఆరనివ్వండి, రెండు మూడు రోజులు ఇలా చేస్తే దారికొస్తుంది. చెమ్మే లేకపోతే ఒక చెంచా నీళ్ళు. ఆ తరువాత నెలలకొద్దీ చూసుకోనక్కర్లేదు.

వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు. ఇది చాలా ముఖ్యం. మూసిన గాజు మీద ఎండపడితే లోపల ఆవిరికుడుమే! ఉత్తరం కిటికీ దగ్గర, లేదా తూర్పు కిటికీకి మూడు నాలుగడుగుల దూరంలో పెట్టండి. వెలుతురు లేని గదుల్లో ఎల్ఈడీ ట్యూబులైటు కింద పది గంటలుంచినా చాలు. మాది విజయవాడ, మే నెలలో మా మూడో అంతస్తు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ నెలన్నర సీసాలన్నీ గూట్లోంచి దింపి చల్లగా ఉండే నేల మీద పెడతాను. రాత్రిపూట మూత ఓరగా తీస్తాను.

మా అత్తయ్యగారి సీసా

మా ఇంట్లో ఇప్పుడు అయిదు సీసాలున్నాయి. అందులో ఒకదాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా అత్తయ్యగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. తుంటి ఎముక విరిగాక ఆవిడ మా దగ్గరికి వచ్చేశారు. నడక మంచం నుంచి బాత్రూముకూ, బాత్రూము నుంచి మంచానికీ. దానికితోడు ఆయాసం. కుండీలు తడిగా ఉంటే బూజు పడుతుంది, ఆవిడ గదిలోవి తీసేయమని డాక్టరుగారు చెప్పారు. బాల్కనీలోకి మార్చాం. అక్కడేమో కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలిస్తే డెంగీ దోమలని మునిసిపాలిటీ అమ్మాయి వచ్చి బోర్లించి వెళుతుంది. ఆ పిల్ల తప్పేం లేదు, వారం పది రోజులు నీళ్ళు నిలిస్తే చాలు, దోమలు తయారు. మొత్తానికి జీవితమంతా పెరట్లో తిరిగిన మనిషికి పచ్చని ఆకు కంటపడకుండా పోయింది.

ఆ వేసవిలోనే ఊళ్ళో ఇల్లు అమ్మాల్సి వచ్చింది. ఆస్పత్రి ఖర్చులు అలాంటివి. ఆవిడ సంతకం పెట్టేటప్పుడు ఏమీ అనలేదు. రాత్రి నాతో మాత్రం, "బావి పూడ్చేస్తారేమోనే" అన్నారు. పూడ్చేస్తారనే చెప్పాను, అబద్ధం చెప్పి ఏం లాభం! ఆ బావి ఒరల సందుల్లో నల్లటి తీగలాంటి కాడలతో, కొత్తిమీర ఆకుల్లా సున్నితంగా ఉండే మొక్కలు గుత్తులుగా వేలాడుతుండేవి. మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ అని నర్సరీల్లో అమ్మేది అదే జాతి. ఆయుర్వేదం వాళ్ళు హంసపాది అనేదీ ఈ కుటుంబంలోదే. సామాన్లు తేవడానికి వెళ్ళినప్పుడు మావారు నేను చెప్పినట్టు ఆ గుత్తి ఒకటి వేళ్ళకు పట్టిన సున్నంతో సహా ఊడదీసి, తడిగుడ్డలో చుట్టి, అన్నం క్యారేజీలో పెట్టి తెచ్చారు. పెరటి మట్టి ఒక సంచీడు తెచ్చారు.

ఈ జాతి ఫెర్న్‌కు గాలిలో తడి తగ్గితే ఒక్కరోజులో ఆకు ముడుచుకుపోతుంది. కుండీలో పెడితే విజయవాడ వేసవిలో బతికే మాటే లేదు. మూతపెట్టిన సీసాయే దానికి దారి. డాక్టరుగారిని అడిగితే, మూత మీరు బయటికి తీసుకెళ్ళి తీస్తానంటే నాకు అభ్యంతరం లేదన్నారు. పాత బిస్కెట్లవాడి గాజు జాడీలో, ఊరి మట్టితోనే, ఒక చిన్న సున్నపు పెంకు కూడా వేసి నాటాను. బావిగోడ సున్నానికి అలవాటుపడ్డ మొక్క కదా! మొదటి వారంలో ఉన్న అయిదు రెమ్మల్లో నాలుగు నల్లబడ్డాయి. "ఎందుకే అంత శ్రమ, దానికి మాత్రం వయసు అవలేదూ" అని ఆవిడే నన్ను ఓదార్చారు. నల్లబడినవి మొదలంటా కత్తిరించి, తడి సరిచూసి, మళ్ళీ మూత పెట్టాను. పందొమ్మిదో రోజు పొద్దున నన్ను కేకేశారు. వెళ్ళి చూస్తే మట్టిలోంచి చిన్న పురుగు చుట్టలా ఒక మొలక. రెండు రోజుల్లో ఆ చుట్ట విచ్చుకుని ఆకైంది.

ఆ తరువాత సీసా కాపలా అంతా ఆవిడదే. పూజలో వాడే భూతద్దం పెట్టుకుని చూస్తారు. "ఇవాళ చెమ్మ తక్కువగా ఉందే, ఒక చెంచా పొయ్యి" అని నాకు పురమాయిస్తారు. మధ్యాహ్నం మా పక్కింటి పిల్లలొస్తే బావిలో చేద పడిపోయిన కథలు, గాలం వేసి తీసిన కథలు చెబుతారు. ఆయాసం అలాగే ఉంది, మొక్క మందేం కాదు. మందులు వేళకు వేస్తూనే ఉన్నాం.

చిన్న చిన్న ఇబ్బందులు

మొదటి నెలలో మట్టి మీద తెల్లటి బూజు కనిపిస్తే కంగారుపడకండి. ఆయాసం ఉన్నవారికి దూరంగా తీసుకెళ్ళి మూత తీసి, చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో తీసేసి, రోజూ కాసేపు గాలి ఆడనివ్వండి. మట్టిలో ఆవగింజకన్నా చిన్న తెల్లటి పురుగులు గెంతుతూ కనిపిస్తే అవి మనకు సాయమే, కుళ్ళిన ఆకును తింటాయి. స్ప్రింగ్‌టెయిల్స్ అంటారు. నల్లటి సన్న ఈగలు మాత్రం తడి ఎక్కువైందని చెప్పడానికి వస్తాయి. గాజు లోపల పచ్చగా పాకుడు పట్టిందంటే వెలుతురు ఎక్కువైనట్టు. కర్రకు మెత్తని గుడ్డ చుట్టి తుడిచి, సీసాను కొంచెం నీడకు జరపండి. కాడలు సాగిపోయి ఆకులు దూరం దూరంగా వస్తున్నాయంటే వెలుతురు చాలడంలేదు. వారానికోసారి సీసాను పావు వంతు తిప్పుతుంటే మొక్క ఒకవైపే వాలిపోకుండా ఉంటుంది.

ఊరెళ్ళేటప్పుడు, సంక్రాంతికి పది రోజులైనా సరే, పక్కింటివాళ్ళకు తాళంచెవి ఇచ్చి నీళ్ళు పోయమని బతిమాలే పని లేదు. కిటికీ తెర వేసి వెళ్ళండి, అంతే.

మూడు నాలుగు నెలలకోసారి కొమ్మలు మూతకు తగులుతుంటే గోళ్ళు తీసే చిన్న కత్తెరతో చివర్లు తుంచాలి. ఫిట్టోనియా, పైలియా, సింగోనియం తుంపుల్ని పారేయకండి. కణుపు మట్టిలో దిగేలా గుచ్చితే వేరు పట్టేస్తాయి. ఫెర్న్ మాత్రం కొమ్మతో రాదు, గుత్తిని వేళ్ళతో సహా విడదీయాలి. అత్తయ్యగారి సీసాలో ఇప్పుడు రెండు గుత్తులయ్యాయి. వానలు పడగానే ఒకదాన్ని తీసి మా ఆడపడుచుకి పంపమంటున్నారు. సీసా కడిగి ఎండలో పెట్టాను.